పంటకు బీమా – పంటికి బీమా

మన గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తి, మిరప వేసే రైతు ఇంట్లో "బీమా" అన్న మాట కొత్తది కాదు. పంటకు బీమా, గేదెకు బీమా, ట్రాక్టరుకు బీమా, ఇంటి పెద్దకు జీవిత బీమా – ఇవన్నీ ఎరిగినవే. కాని పంటికి బీమా ఉన్నదా అని అడిగితే మాత్రం చదువుకున్న వాళ్ళం కూడా నోరు తెరుస్తాం. "పంటకు" అన్నా "పంటికి" అన్నా వినడానికి ఒక్క గుడి తేడా. వ్యవహారంలో తేడా చాలా ఉన్నది.

పన్ను నొప్పి వస్తే మన ఊళ్ళల్లో జరిగేది అందరికీ తెలిసినదే. మొదట లవంగం, తర్వాత మందుల షాపులో రెండు మాత్రలు, ఆ తర్వాత "కాయలు అమ్మినాక చూద్దాంలే" అన్న మాట. కాయలు అమ్మేసరికి పన్ను పీకించుకోవడం తప్ప వేరే దారి ఉండదు. ఇలా నలభై, యాభై ఏళ్ళకే సగం పళ్ళు పోగొట్టుకున్న పెద్దవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. దీనికి డబ్బు లేకపోవడం ఒక కారణం. ఉన్న సదుపాయం తెలియకపోవడం మరొక కారణం. ఈ రెండో దానిని గురించి చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పన్ను పుచ్చే క్రమం

బీమా సంగతి అర్థం కావాలంటే ముందు జబ్బు సంగతి తెలియాలి. పన్ను పైపొర ఎనామెల్. మన శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. ఇది ముఖ్యంగా హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలతో తయారైనది. నోటిలో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పంటి మీద పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామెల్ లోని ఖనిజం కరగడం మొదలుపెడుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. రోజంతా మాటిమాటికీ తీపి టీ, కూల్ డ్రింకు, బిస్కట్లు తీసుకుంటూ ఉంటే లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు.

ఎనామెల్ లో నరాలు లేవు. కనుక పుచ్చు అక్కడ ఉన్నంతకాలం నొప్పి తెలియదు. లోపలి పొర డెంటీన్ కు చేరినప్పుడు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. మధ్యలోని గుజ్జుకు చేరినప్పుడు రాత్రంతా నిద్ర ఉండదు. మొదటి దశలో సిమెంటు పెట్టిస్తే సరిపోతుంది. చివరి దశలో రూట్ కెనాల్ చేసి క్యాపు వేయాలి. అది కూడా దాటితే పీకించి, కట్టుడు పన్ను పెట్టించాలి. దశ మారిన కొద్దీ ఖర్చు రెట్లు రెట్లుగా పెరుగుతుంది. చేలో ఒక మూల తెగులు కనిపించినప్పుడే మందు కొట్టడానికీ, చేనంతా పాకినాక కొట్టడానికీ ఎంత తేడా ఉన్నదో ఇక్కడా అంతే.

బీమా కంపెనీ పన్నును చూసి ఎందుకు జంకుతుంది?

బీమా అనగా చాలామంది కొంచెం కొంచెం డబ్బు వేసి, అందులో కొద్దిమందికి వచ్చిన పెద్ద నష్టాన్ని పూడ్చడం. ఎవరికి వస్తుందో ముందుగా తెలియకూడదు. అందరికీ ఒకేసారి రాకూడదు. ఇదే దాని మూల సూత్రం. 2016 ఖరీఫ్ లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో వాణిజ్య, ఉద్యాన పంటలకు రైతు వాటా ప్రీమియం 5 శాతం మించరాదని పెట్టారు. అందులోనూ కట్టడానికి గడువు తేదీ ఉంటుంది. 2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడినాక "ఇప్పుడు బీమా కడతాం" అంటే ఎవరు ఒప్పుకుంటారు?

పంటి విషయం దీనికి తలకిందులు. పుచ్చు పన్ను కొద్దిమందికి వచ్చేది కాదు, దాదాపు అందరికీ వచ్చేదే. ఒక్కసారి లక్షలు అయ్యేది కాదు, చిన్న చిన్న ఖర్చులు పదే పదే వచ్చేది. పైగా తన పన్ను పుచ్చిందన్న సంగతి మనిషికి ముందే తెలుసు; నాలుగు నెలలు ఓర్చుకుని, పాలసీ తీసుకుని, ఆ తర్వాత వైద్యుడి దగ్గరకు వెళ్ళవచ్చు. అందువల్ల కంపెనీలు పంటి చుట్టూ నాలుగు కంచెలు వేస్తాయి. ఆస్పత్రిలో చేరాలన్న షరతు, కొంతకాలం ఆగాలన్న షరతు, ఏడాదికి ఇంత మించి ఇవ్వమన్న పరిమితి, ఖర్చులో కొంత నువ్వే పెట్టుకోవాలన్న షరతు. ఈ నాలుగూ గుర్తుంటే ప్రపంచంలో ఏ దంత బీమా కాగితమైనా సగం అర్థమైనట్లే.

ఈ జంకు కంపెనీలకే పరిమితం కాదు, ప్రభుత్వాలకూ ఉన్నది. బ్రిటన్ లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు కట్టుడు పళ్ళు కూడా ఉచితంగా ఇచ్చారు. జనం విరగబడ్డారు. 1951లో కట్టుడు పళ్ళకు, కళ్ళద్దాలకు రుసుము పెట్టవలసి వచ్చింది. అది నచ్చక ఆ సేవను స్థాపించిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు.

అమెరికాలో దంత బీమా పుట్టుక మరొక రకం. 1954లో పశ్చిమ తీరపు ఓడరేవులలో బరువులు మోసే కార్మికుల సంఘం, తమ పిల్లల పళ్ళకు వైద్యం కావాలని యాజమాన్యాలతో కుదుర్చుకున్న ఏర్పాటుతో అది నిలదొక్కుకున్నది. మన మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీల వంటి వారే వారు! అడిగే సంఘం ఉన్నచోట హక్కు పుట్టింది. ఈ సంగతి మనం మరచిపోరాదు.

మనకు ఉన్న దారులు

మొదటిది ఇ.ఎస్.ఐ. 1948 చట్టం ప్రకారం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమైన ఉద్యోగుల రాజ్య బీమా పథకం ఇది. పది మందికి పైగా పనిచేసే సంస్థలలో, నెలకు 21,000 రూపాయలు మించని జీతగాళ్ళకు వర్తిస్తుంది. 2019 జూలై నుండి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. స్పిన్నింగు మిల్లులో, పెద్ద దుకాణంలో, ప్రైవేటు స్కూలులో పనిచేసే మన అన్నలు, అక్కలు చాలామంది ఇందులో ఉన్నారు. దీని గొప్పతనమేమంటే ఆస్పత్రిలో పడుకోవాలన్న షరతు లేదు. డిస్పెన్సరీకి వెళ్ళి చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు; ఇ.ఎస్.ఐ. ఆస్పత్రులలో దంత వైద్యం కూడా ఉన్నది. కుటుంబానికీ వర్తిస్తుంది. చదువుకుంటూ తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లలకు 21 ఏళ్ళు నిండేదాకా ఈ హక్కు ఉన్నది. కనుక తల్లి గాని తండ్రి గాని ఇ.ఎస్.ఐ.లో ఉన్న విద్యార్థులు డిగ్రీ పూర్తయ్యేలోపు పళ్ళు ఒకసారి చూపించుకోవడం తెలివైన పని. ఆ తర్వాత అడిగితే గడువు దాటిపోయి ఉంటుంది.

రెండోది ప్రభుత్వ ఆరోగ్య పథకాలు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకం, 2018 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ – ఈ రెండూ పెద్ద జబ్బులకు ఉద్దేశించినవి. ప్రమాదంలో దవడ ఎముక విరిగినా, నోటి కాన్సరు వచ్చినా ఇవి ఆదుకుంటాయి. ఆయుష్మాన్ భారత్ మినహాయింపులలో పుచ్చు నింపడం, రూట్ కెనాల్, అందం కోసం చేసే పనులు స్పష్టంగా ఉన్నాయి. జబ్బు వల్లనో, దెబ్బ వల్లనో ఆస్పత్రిలో చేరవలసి వస్తేనే చెల్లుతుంది. కనుక కార్డు పట్టుకుని పుచ్చు పన్నుకు వెళ్ళి "కార్డు చెల్లదన్నారు" అని తిట్టుకోవడం కంటే, ఏది దేనికో ముందే తెలుసుకోవడం మంచిది.

పొగాకు నమిలే అలవాటు ఉన్నవాళ్ళు మన ఇళ్ళల్లో తక్కువేమీ కాదు. నోట్లో మానని పుండు, తెల్లటి లేక ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం – ఇవి కనిపించినప్పుడు పన్ను నొప్పే కదా అని ఊరుకోరాదు. ఈ పథకాలు బాగా పనికివచ్చేది సరిగ్గా ఇక్కడే.

మూడోది సొంతంగా డబ్బు కట్టి తీసుకునే ఆరోగ్య పాలసీ. సాధారణ పాలసీలలో ప్రమాదం వల్ల పళ్ళు దెబ్బతిని ఆస్పత్రిలో చేరితే తప్ప దంత వైద్యానికి డబ్బు రాదు. బీమా నియంత్రణ సంస్థ చెప్పగా 2020 ఏప్రిల్ నుండి కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్మవలసి వచ్చిన "ఆరోగ్య సంజీవని" పాలసీలో, జబ్బు వల్ల గాని గాయం వల్ల గాని అవసరమైన దంత చికిత్స కూడా ఉన్నది. కాని అది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు కిందే. పైగా ప్రతి క్లెయిములో 5 శాతం మనం భరించాలి.

ఇక్కడ చాలామంది పొరపడే మెలిక ఒకటి కలదు. "డే కేర్ చికిత్సలు ఇస్తాం, మత్తు ఇచ్చి 24 గంటల లోపు ముగిసేవి" అని పాలసీలో ఉంటుంది. పన్ను పీకేటప్పుడు చిగురుకు మత్తు సూది వేస్తారు గదా, మరి ఇదీ డే కేరే అనుకుంటాం. కాని మామూలుగా అవుట్ పేషెంటుగా చేసే చికిత్స డే కేర్ కిందకు రాదని అదే నిర్వచనంలో తర్వాతి వాక్యం చెబుతుంది. మొదటి వాక్యం చదివి సంతోషపడి రెండో వాక్యం చదవనివాడే నష్టపోతాడు.

అవుట్ పేషెంటు ఖర్చు కోసం అదనపు రైడరు అమ్మే కంపెనీలు ఉన్నాయి. దీనికి లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు రైడరుకు ఏడాదికి 3,000 రూపాయలు అదనంగా కట్టాలి, ఏడాదికి 5,000 రూపాయలకు మించి ఇవ్వరు అనుకుందాం. అప్పుడు మనకు రాగల గరిష్ఠ లాభం 2,000 రూపాయలు మాత్రమే. ఆ ఏడాది ఏ వైద్యమూ అవసరం లేకపోతే 3,000 నష్టం. ఇటువంటి చోట ఆ డబ్బునే పోస్టాఫీసులో వేసుకుని, ఏడాదికొకసారి పళ్ళు చూపించుకోవడం మేలు కావచ్చు. బీమా అన్నది ప్రతిచోటా లాభమే అనుకోరాదు.

నాలుగోది ప్రభుత్వ ఆస్పత్రులు, దంత కళాశాలలు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో దంత విభాగం ఉన్నది. గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో దంత కళాశాల ఉన్నది. విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉన్నది. కళాశాలలలో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ పడుతుంది. ఇక బడి పిల్లలకు 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు వారిని పరీక్షించే లోపాలు, జబ్బులలో పుచ్చు పళ్ళు కూడా ఒకటి. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు బళ్ళో ఉన్నవారు ఈ పరీక్ష జరిగిందా, చీటీలో ఏమి రాశారు అని అడగాలి. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనుక వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు. అది జీవితాంతం ఉండవలసినది. "ఊడిపోయేదే గదా" అని తల్లిదండ్రులు ఎక్కువగా వదిలేసేది దానినే.

నీళ్ళు చేసిన మచ్చ "అందం" కిందకు వస్తుందా?

కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల నుండి వచ్చి మన కాలేజీలో చదివే మిత్రులు కొందరు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మనం గమనిస్తూనే ఉంటాం. పళ్ళ మీద సుద్దలాంటి చారలు, గోధుమ రంగు మచ్చలు. ఇది అశుభ్రత కాదు, ఫ్లోరోసిస్. 1937లో షార్ట్ మొదలైన వైద్య శాస్త్రజ్ఞులు అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ ను గురించి ఇండియన్ మెడికల్ గెజిట్ లో ప్రచురించారు. కనిగిరి, దర్శి, పొదిలి ఆనాడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చుననీ, వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా సహించవచ్చుననీ భారత ప్రమాణం. అంతకు మించిన నీటిని చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు, తాగితే చిగుళ్ళ లోపల తయారవుతున్న ఎనామెల్ లోపంతో ఏర్పడుతుంది. ఆ పన్ను బయటికి వచ్చేటప్పటికే మచ్చతో వస్తుంది. ఎంత తోమినా పోదు.

మరి దీనికి చికిత్స చేయించుకోబోతే బీమా కాగితం "అందం కోసం చేసే చికిత్స" అని పక్కన పెట్టే అవకాశం ఉన్నది. ఇక్కడే ఆలోచించవలసి ఉన్నది. మచ్చ పడ్డ పిల్లవాడు అందం కోసం ఆ నీళ్ళు తాగలేదు. ఊళ్ళో ఉన్న బోరు అదొక్కటే గనుక తాగాడు. తీవ్రమైన ఫ్లోరోసిస్ లో ఎనామెల్ గుంటలు పడి పెచ్చులుగా ఊడుతుంది కూడా. అటువంటప్పుడు అది జబ్బే అని వైద్యుడి చేత చీటీలో స్పష్టంగా రాయించుకోవాలి. "పళ్ళు తెల్లబరచుట" అని రాస్తే ఒక అర్థం, "ఫ్లోరోసిస్ వల్ల దెబ్బతిన్న ఎనామెల్ కు చికిత్స" అని రాస్తే మరొక అర్థం. ఉన్న నిజాన్ని సరైన మాటలలో రాయించుకోవడం తప్పు కాదు.

కాగితం చదివే పద్ధతి

పాలసీ ఏదైనా ఈ క్రింది విషయాలు చూసుకోవాలి.

1. మినహాయింపుల పేజీని మొదట చదవండి. "ఏమి ఇస్తాం" అన్నది ఏజెంటు చెబుతాడు. "ఏమి ఇవ్వం" అన్నది కాగితమే చెబుతుంది.

2. ఆగవలసిన కాలం ఎంతో చూడండి. సాధారణంగా ప్రమాదాలకు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు వర్తించదు. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ళు ఆగాలి. 2024 ఏప్రిల్ కు ముందు ఇది నాలుగేళ్ళు ఉండేది. ఉన్న జబ్బును దాచిపెట్టి సంతకం చేయరాదు. తర్వాత క్లెయిము మొత్తం పోతుంది.

3. పాలసీ చేతికి వచ్చాక 30 రోజులలో నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. ఆ నెల రోజులలో చదవండి. బీరువాలో పెట్టి తాళం వేయకండి.

4. బిల్లు మీద పన్ను నంబరు వేయించుకోండి. వైద్యులు రెండంకెల నంబరు వాడతారు. నోటిని నాలుగు భాగాలు చేసి కుడి పై దవడ 1, ఎడమ పై దవడ 2, ఎడమ కింది దవడ 3, కుడి కింది దవడ 4 అంటారు. రెండో అంకె ముందుపంటి నుండి వరస సంఖ్య. 36 అంటే ఎడమ కింది దవడలో ఆరో పన్ను. చీటీ, ఎక్స్ రే, బిల్లు – మూడింటి మీదా ఒకే నంబరు ఉండాలి.

5. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందుగా కంపెనీకే ఫిర్యాదు ఇవ్వాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాది లోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్ మన్ కు రాసుకోవచ్చు. రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు.

విదేశాలకు వెళ్ళే మిత్రులకు

మన కాలేజీ నుండి ఏటా కొందరు అమెరికాకు పై చదువులకు వెళుతున్నారు. అక్కడ దంత బీమా ఆరోగ్య బీమాతో కలిసి రాదు. ఎక్కువగా విడిగా కొనాలి. చాలా పథకాలలో పరీక్షకు, శుభ్రం చేయడానికి పూర్తి ఖర్చు, పుచ్చు నింపడానికి 80 శాతం, క్యాపుల వంటి పెద్ద పనులకు 50 శాతం ఇస్తారు. ఏడాదికి ఒకటి, రెండు వేల డాలర్ల వద్ద గరిష్ఠ పరిమితి ఉంటుంది. వాడుకోని మొత్తం సాధారణంగా మరుసటి ఏటికి రాదు. అందుకే అక్కడి వారు పెద్ద పని ఉంటే డిసెంబరులో కొంత, జనవరిలో కొంత చేయించుకుంటారు. పాలసీకి ముందే పోయిన పన్నుకు ఇవ్వమన్న షరతు కూడా చాలావాటిలో ఉంటుంది. కనుక విమానం ఎక్కే ముందే ఇక్కడ పళ్ళ పని ముగించుకుని వెళ్ళడం అన్ని విధాలా క్షేమం. అక్కడికి పిల్లల్ని చూడబోయే అమ్మానాన్నలకూ ఇదే మాట.

కంచె బయట మిగిలినవాళ్ళు

ఇంతవరకు చెప్పినదంతా ఏదో ఒక దారి ఉన్నవారి గురించి. అసలు దారి లేనివారు ఎవరు? ఇ.ఎస్.ఐ. చట్టం "సీజనల్ ఫ్యాక్టరీ"లను మినహాయించింది. ఆ జాబితాలో మొట్టమొదటి మాట పత్తి జిన్నింగు. ఆ తర్వాత పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సింగు, వేరుశనగ కాయ ఒలవడం. అంటే మన ప్రాంతపు పంట మీద ఆధారపడిన పనులే ముందుగా బయటికి పోయాయి. స్పిన్నింగు మిల్లులో నూలు తీసే మనిషికి పన్ను చూపించుకునే హక్కు ఉన్నది. దానికి దూది పంపే జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తే ఆమెకు లేదు. దూది ఒకటే, దుమ్ము ఒకటే. మిరపకాయ తొడిమలు తీసే ఆడకూలీకి, కౌలు రైతుకు అసలు యజమాని అని చూపించడానికే ఎవరూ లేరు. సీజను ఆరు నెలలైనా, పన్ను ఏడాదంతా నోట్లోనే ఉంటుంది గదా!

చట్టం మార్చడం మన చేతిలో లేదు. కాని చేయగలిగింది కొంత ఉన్నది. మన విద్యార్థి సంఘం ఏటా రక్తదాన శిబిరం పెట్టినట్లే, ఏదైనా దంత కళాశాలతో మాట్లాడి ఒక ఆదివారం జిన్నింగు మిల్లుల దగ్గర, ఒక ఆదివారం కనిగిరి వైపు దంత పరీక్షా శిబిరం పెట్టవచ్చు. కెమిస్ట్రీ విద్యార్థులు అధ్యాపకుల సాయంతో తమ తమ ఊళ్ళ బోరు నీళ్ళు తెచ్చి ఫ్లోరైడు పరీక్ష చేసి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద అంటించవచ్చు. ఊళ్ళో పాలసీ ఉన్న నాలుగు ఇళ్ళకు వెళ్ళి మినహాయింపుల పేజీ తెలుగులో చదివి వినిపించవచ్చు. వీటికి పెద్ద ఖర్చు లేదు. సెలవులలో ఊరికి వెళ్ళినప్పుడు ఒక పూట చాలు.

చేను పోయినా మళ్ళీ విత్తనం వేసుకోవచ్చు. శాశ్వత దంతం ఒక్కసారే మొలుస్తుంది. కాయలు అమ్మేదాకా ఆగమని దానికి చెప్పలేం.